మిద్దె మీద ఎండ ఎంత, గాలి ఎంత: సోలార్, చిన్న గాలిమర పెట్టించే ముందు మీరే కొలుచుకునే పద్ధతి

అనంతపురంలో ఎండకు కొదవ లేదు, ఆషాఢం వచ్చిందంటే గాలికీ కొదవ లేదు. అందుకే ఈమధ్య నన్ను కలిసినవాళ్ళలో చాలామంది ఇదే అడుగుతున్నారు: "సార్, సోలార్ ఎలాగూ పెట్టిస్తున్నాం కదా, పక్కనే చిన్న గాలిమర కూడా పెట్టిస్తే రాత్రి కూడా కరెంటు వస్తుంది కదా?" ఈ ప్రశ్న తప్పేమీ కాదు. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు తిరిగిన ప్రాంతం ఇది, కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, ఇవి చూసినవాళ్ళకు రెండూ మన మిద్దె మీద కూడా ఉంటే బాగుండుననిపించడం సహజం. కానీ కొండ మీద గాలి వేరు, మిద్దె మీద గాలి వేరు. దీన్ని ఎవరో చెబితే నమ్మడం కాదు, మీ మిద్దెను మీరే కొలిచి తేల్చుకోవాలి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఒక టేపు, ఒక నోటుబుక్కు, ఓ మల్టీమీటరు, కొన్ని నెలల ఓపిక ఉంటే చాలు.

మొదట బిల్లులు తీయండి. గత 12 నెలల కరెంటు బిల్లులు ముందేసుకుని యూనిట్లు మాత్రం వరుసగా రాయండి, రూపాయలు కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ, కూలరు వల్ల ఎంత పెరిగింది, డిసెంబరులో ఎంత తగ్గింది చూసి ఏడాది మొత్తం కూడండి. మన జిల్లాల్లో ఒక కిలోవాట్ సోలార్ ఏడాది సగటున రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తుంది. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లయితే రోజుకు 10, అంటే రెండున్నర కిలోవాట్లు, కాబట్టి 3 కిలోవాట్లు పెట్టుకుంటే సరిపోతుంది. పీఎం సూర్య ఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది, అందులో కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ పెడితే 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మూడు దాటాక సబ్సిడీ పెరగదు, కాబట్టి అవసరం లేకుండా 5 కిలోవాట్లు అంటగట్టేవాళ్ళ దగ్గర కాస్త ఆగి ఈ లెక్క చూపించండి.

తర్వాత నీడ. కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏంటంటే మధ్యాహ్నం పన్నెండింటికి మిద్దె ఎక్కి "అంతా ఎండే" అనుకోవడం. ఉదయం తొమ్మిదికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి ఎక్కండి, అదీ డిసెంబరులో, అప్పుడే సూర్యుడు దక్షిణానికి బాగా వాలి నీడలు పొడుగవుతాయి. సుద్దముక్కతో ట్యాంకు నీడ, పిట్టగోడ నీడ, పక్కింటి మెట్లగది నీడ గీయండి. మా ఇంట్లో గీసినప్పుడు ట్యాంకు నీడ సరిగ్గా రెండో వరుస మొదటి ప్యానెల్ మూల మీద పడుతోంది, జానెడు నీడ. జానెడే కదా అని వదిలేయకూడదు, ప్యానెళ్ళు ఒకదాని వెనక ఒకటి దండలా కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మూల నల్లబడితే దండ మొత్తం మీద దెబ్బ పడుతుంది. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్లు, సగానికి కోసిన సెల్స్ వచ్చాక ఆ నష్టం చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మేము ప్యానెళ్ళు నిలబెట్టే స్ట్రక్చర్‌ను రెండడుగులు ఉత్తరానికి జరిపాం, పైసా ఖర్చు లేకుండా సమస్య తీరింది. అదే సిమెంటు దిమ్మెలు పోశాక తెలిసి ఉంటే?

వాలు విషయంలో ఎక్కువ టెన్షన్ పడక్కర్లేదు. అనంతపురం, కడప దాదాపు 14.5 డిగ్రీల అక్షాంశం మీద, కర్నూలు 16కి కాస్త తక్కువలో ఉన్నాయి, కాబట్టి దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు చాలు. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు, ఆ మధ్య రోజుల్లో మిట్టమధ్యాహ్నం కాస్త ఉత్తరానికి కూడా వెళతాడు. అందుకే మీ ఇల్లు తూర్పు పడమరలుగా ఉండి ప్యానెళ్ళు అటొక వరుస ఇటొక వరుస తక్కువ వాలులో పెట్టాల్సి వచ్చినా నష్టం కొద్ది శాతమే. పైగా పొద్దున, సాయంత్రం కరెంటు కాస్త ఎక్కువ వస్తుంది. మధ్యాహ్నం అందరి సోలార్ ఒకేసారి గ్రిడ్ (అందరినీ కలిపే కరెంటు లైన్ల వ్యవస్థ) మీద పడుతున్న ఈ రోజుల్లో పరిశోధకులు కూడా ఈ తూర్పు పడమర అమరిక వైపు మళ్ళీ చూస్తున్నారు.

ప్యానెల్ రకం ఎంచుకునేటప్పుడు సామర్థ్యం శాతం కంటే ముందు ఇంకో అంకె చూడండి, డేటాషీటులో ఉష్ణోగ్రత గుణకం అని ఉంటుంది, వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే కరెంటు ఎంత శాతం తగ్గుతుందో అది చెబుతుంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన మే నెలలో గాలి 42 డిగ్రీలుంటే ప్యానెల్ లోపల సెల్ 65 దాటుతుంది. పాత మోనో పెర్క్ రకానికి డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతుందనుకుంటే 40 డిగ్రీలకు 14 శాతం గల్లంతు. కొత్తగా వస్తున్న టాప్‌కాన్ రకానికి ఇది 0.30 దగ్గర, హెటిరోజంక్షన్ రకానికి 0.25 దగ్గర ఉంటుంది. చల్లటి దేశాల వాళ్ళకు ఇది చిన్న తేడా, మనకు కాదు. కాబట్టి ధరలో పెద్ద తేడా లేకపోతే టాప్‌కాన్ తీసుకోండి, సబ్సిడీ కావాలంటే మన దేశంలోనే తయారైన సెల్స్ ఉన్న డీసీఆర్ ప్యానెల్ అయి ఉండాలని మాత్రం మర్చిపోకండి. ప్యానెల్ కింద గాలి ఆడేలా స్ట్రక్చర్ ఎత్తుగా కట్టించుకుంటే వేడి ఇంకా తగ్గుతుంది, వేసవి రాత్రుల్లో మిద్దె మీద పడుకునే మన అలవాటుకూ అడ్డం రాదు. ఆ నీడ వల్ల కింద గది కూడా చల్లబడుతుంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో వాళ్ళు కొలిస్తే ప్యానెళ్ళ కింద ఉన్న గది సీలింగు పగటిపూట మిగతా భాగం కంటే 5 డిగ్రీల ఫారన్‌హీట్ తక్కువగా ఉంది, మన లెక్కలో దాదాపు 3 డిగ్రీలు.

ఎత్తు స్ట్రక్చర్ కట్టిస్తున్నారా, అయితే రెండువైపులా కరెంటు తీసే బైఫేషియల్ ప్యానెల్ అడగండి, కింద మిద్దెకు సున్నం కొట్టించండి. మామూలు సిమెంటు గచ్చు తన మీద పడ్డ వెలుతురులో పావు వంతో అంతకంటే తక్కువో వెనక్కి కొడుతుంది, తెల్ల సున్నం అంతకు రెండు మూడింతలు కొడుతుంది. ఏటా ఉగాదికి ముందు కొట్టించే సున్నమే ఇప్పుడు కరెంటు కూడా ఇస్తుందన్నమాట.

ఇక గాలి. ఇక్కడే ఎక్కువ డబ్బు పోతుంది కాబట్టి ఇక్కడే నిదానంగా చెబుతాను.

గాలిలో ఉండే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు, సగమైతే ఎనిమిదో వంతు. కాబట్టి "మా ఊర్లో గాలి బాగా వస్తుంది" అన్న మాట లెక్కకు పనికిరాదు, సెకనుకు ఎన్ని మీటర్లో కావాలి. పరికరం లేకపోయినా మొదలుపెట్టవచ్చు. బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన బ్యూఫోర్ట్ 1805లో వేసిన కొలమానం ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. మీ వీధిలో వేపచెట్టును చూడండి. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటే గాలి సెకనుకు 3.4 నుంచి 5.4 మీటర్లు. వీధిలో దుమ్ము, కాగితం ముక్కలు లేచి చిన్న కొమ్మలు ఊగుతుంటే 5.5 నుంచి 7.9. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి చూసి నోటుబుక్కులో రాయండి. ఆషాఢంలో మాత్రమే రాస్తే మోసపోతారు, దీపావళి ముందు వెనక నెలల్లో కూడా రాయాలి, అప్పుడు చాలా రోజులు వేపాకు కూడా కదలదు. ఆసక్తి ఉంటే గాలి వేగం కొలిచే, చేతిలో పట్టుకునే చిన్న అనిమోమీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కొనుక్కోండి.

ఇంకో పరీక్ష ఉంది, నాకు దీని మీద నమ్మకం ఎక్కువ. గాలిమర పెట్టాలనుకున్న చోట, పెట్టాలనుకున్న ఎత్తులో ఒక గడ నిలబెట్టి పాత పంచె చింపి రెండు మూరల పేలిక కట్టండి. గాలి వచ్చినప్పుడు అది జెండాలా ఒకే వైపు పరుచుకుని నిలబడితే మంచి గాలి. గిరగిరా తిరుగుతూ, పైకి లేచి కింద పడుతూ, గడకు చుట్టుకుంటూ ఉంటే అది సుడి, ఇళ్ళ గోడలకు తగిలి విరిగిన గాలి. నేను కట్టిన పేలిక మొదటి రోజే మూడు చుట్లు చుట్టుకుని ముడి పడింది. గాలిమర రెక్కకు కావలసింది సాఫీగా వచ్చే గాలి, ఈ సుడిగాలిలో రెక్క తిరిగినట్టు కనిపిస్తుంది గానీ కరెంటు రాదు, బేరింగులు మాత్రం అరిగిపోతాయి.

ఇప్పుడు కేటలాగును పట్టుకుని లెక్క వేద్దాం. 1.2 మీటర్ల వ్యాసం ఉన్న రెక్క, "1 కిలోవాట్" అని రాసి ఉందనుకోండి. రెక్కలు చుట్టే వృత్తం వైశాల్యం 1.13 చదరపు మీటర్లు. మన వేడికి గాలి కాస్త పలచన కాబట్టి ఘనపు మీటరుకు 1.1 కిలోలు తీసుకోండి. సూత్రం ఇది: సగం, గుణించాలి గాలి సాంద్రత, గుణించాలి వైశాల్యం, గుణించాలి వేగం ఘనం. సెకనుకు 5 మీటర్ల గాలిలో ఆ వృత్తం గుండా పోయే శక్తి మొత్తం 78 వాట్లు. అందులో ఎంత గొప్ప యంత్రమైనా 59.3 శాతానికి మించి తీయలేదని ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ళ కిందటే తేల్చాడు, అంటే 46 వాట్లు, అదీ కాగితం మీద. పెద్ద కొమ్మలు ఊగే 12 మీటర్ల గాలిలో వేసి చూసినా 640 వాట్లు దాటదు. మరి 1 కిలోవాట్ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ లెక్క అమ్మేవాళ్ళ ఎదురుగానే ఫోనులో వేసి చూపించండి.

నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. చిన్న యంత్రాలు పావు వంతు తీస్తే బాగా తీసినట్టే. 4 మీటర్ల గాలిలో ఆ యంత్రం ఇచ్చేది 10 వాట్లు, ఒక ఎల్ఈడీ బల్బు. రోజంతా తిరిగితే పావు యూనిట్. ఒక్క మాట చెప్పాలి, గాలి ఒకే వేగంతో ఉండదు, ఎక్కువ వేగం ఉన్న గంటలే ఘనం వల్ల ఎక్కువ శక్తి తెస్తాయి, కాబట్టి సగటు వేగంతో వేసిన ఈ లెక్క కంటే అసలు దాదాపు రెట్టింపు ఉండొచ్చు. సరే, అర యూనిట్ అనుకోండి. పక్కనే ఉన్న ఒక్క 540 వాట్ల ప్యానెల్ రోజుకు రెండు యూనిట్లు ఇస్తుంది, తిరిగే భాగం ఒక్కటీ లేకుండా, పాతికేళ్ళ వారంటీతో. బ్రిటన్‌లో 2007, 2008 సంవత్సరాల్లో 26 చిన్న గాలిమరలను భవనాల మీద పెట్టి ఏడాది పాటు కొలిచారు, అక్కడ మనకంటే గాలి ఎక్కువ, అయినా కొన్నిచోట్ల గాలిమర ఇచ్చిన కరెంటు కంటే దాని ఎలక్ట్రానిక్స్ తాగిన కరెంటే ఎక్కువైంది. కాబట్టి ఊరి మధ్య మిద్దె మీద గాలిమర వద్దు. ఆ డబ్బుతో ఇంకో ప్యానెల్ పెట్టుకోండి.

అయితే ఎవరికి పనికొస్తుంది? చుట్టూ ఇళ్ళు, చెట్లు లేని గుట్ట అంచున తోట ఉండి, కరెంటు లైను దూరంగా ఉన్నవాళ్ళకు. అప్పుడు కూడా నియమం ఒకటి ఉంది, చుట్టూ 150 మీటర్లలో ఉన్న ఎత్తైన అడ్డంకి కంటే రెక్క కింది అంచు కనీసం 9 మీటర్ల పైన ఉండాలి. అంటే మంచి స్తంభం, గట్టి పునాది, పిడుగు నుంచి రక్షణ, గ్రీజు పెట్టడానికి దింపే ఏర్పాటు. చిన్న గాలిమరలకు ఐఈసీ 61400-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఆ సర్టిఫికెట్ చూపించకపోతే వెనక్కి వచ్చేయండి. ఊరి గాలి ఎలాంటిదో ముందుగా చూడాలంటే చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ పటాలు, గ్లోబల్ విండ్ అట్లాస్ ఉచితంగా చూడొచ్చు, కానీ అవి ఎక్కువగా చూపేది 50, 100, 150 మీటర్ల ఎత్తులో గాలి, మీ మిద్దె 10 మీటర్లే ఉంటుంది, ఆ అంకె ఇక్కడికి తెచ్చుకోకండి.

ఎండ గాలి జోడీ మంచిదే, దాని చోటు మాత్రం గ్రిడ్. ఆషాఢ, శ్రావణాల్లో మనకు మబ్బు పట్టి, వాన పడకుండా గాలి మాత్రం ఊపేస్తుంది, అప్పుడు సోలార్ తగ్గి కొండల మీది గాలిమరలు జోరందుకుంటాయి. కేంద్రం 2018లో పవన సౌర హైబ్రిడ్ విధానం తెచ్చింది ఇందుకే, రెండూ ఒకే లైను వాడుకుంటాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కూడా ఈ ఆలోచన నుంచి వచ్చిందే, మిగులు కరెంటుతో నీళ్ళు పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి తిరిగి కరెంటు తీయడం. మీరు తీసుకున్న కరెంటు, వెనక్కి పంపిన కరెంటు రెండూ లెక్కపెట్టే మీ నెట్ మీటరు మిమ్మల్ని ఆ గ్రిడ్‌తోనే కలుపుతుంది.

దుమ్ము సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. మార్చి నుంచి మొదటి వాన దాకా మన ఎర్ర దుమ్ము ప్యానెల్ మీద పొరలా పరుచుకుంటుంది. దగ్గరికి వెళ్ళి కింది అంచు చూడండి, గాజు అల్యూమినియం చట్రాన్ని తాకే చోట వేలు వెడల్పున గట్టి చార ఉంటుంది, నాలుగు చినుకులు పడినప్పుడు పై దుమ్మంతా జారి అక్కడ పేరుకుని ఎండిపోతుంది. వేలితో గీకితే పెచ్చుగా ఊడొస్తుంది. ఆ ఒక్క చార అట్టడుగు వరుస సెల్స్‌ను కప్పేస్తే నీడ పడినట్టే, పైన అద్దంలా మెరుస్తున్నా లాభం లేదు. ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి కడగండి, తెల్లవారుజామున మాత్రమే, మధ్యాహ్నం కాలిపోతున్న గాజు మీద చల్లనీళ్ళు పోయకండి. బోరు నీళ్ళతో కడిగి అలాగే వదిలేస్తే తెల్లటి ఉప్పు మరకలు పడతాయి, మొదటి ఏడాది నేను అలాగే చేశాను, తర్వాత ఆ మరకలు ఎంత తుడిచినా పోలేదు. ఆర్వో మిషను నుంచి బయటికి వచ్చే నీళ్ళు ఇంకా చెడ్డవి, వాటిలో ఉప్పు బోరు నీళ్ళకంటే ఎక్కువ. కుళాయి నీళ్ళు గానీ, పట్టిన వాననీళ్ళు గానీ వాడి, మెత్తటి గుడ్డ చుట్టిన కర్రతో తుడిచి, రబ్బరు వైపరుతో నీళ్ళు లాగేయండి. సబ్బు పొడి, ఇనుప పీచు దగ్గరికి రానివ్వకండి. ఆరు ప్యానెళ్ళ దండలో 300 వోల్టుల డీసీ ఉంటుంది, వైరు తొక్క ఊడినట్టు కనిపిస్తే ముట్టుకోకుండా దిగి వచ్చేయండి. నీళ్ళే లేకుండా దుమ్ము దులిపే పద్ధతి మీద 2022లో ఎంఐటీ పరిశోధకులు స్థిర విద్యుత్తుతో దుమ్మును ఎగరగొట్టి చూపించారు, నీళ్ళకు కటకటలాడే మన జిల్లాలకు అది వస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు, ఇంటి స్థాయిలో మాత్రం ఇప్పటికి గుడ్డా కర్రే.

ఇంకో కొలత, దీన్ని పెట్టించే ముందే చేయండి. మిట్టమధ్యాహ్నం మీ మీటరు దగ్గర వోల్టేజీ ఎంతుందో వారం రోజులు రాయండి. మన సింగిల్ ఫేజ్ 230, అందులో పది శాతం ఎక్కువ, అంటే 253 దాటితే ప్యానెళ్ళ డీసీని ఇంటి ఏసీగా మార్చే సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర్లో ఉన్న ఇళ్ళలో సోలార్ కరెంటు వెనక్కి పోయేటప్పుడు వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. నాకు మొదటి రెండు నెలలు సరిగ్గా ఎండ మండే పన్నెండు, ఒంటిగంటకు ఇన్వర్టర్ ఆగిపోయేది, ప్యానెళ్ళు చెడిపోయాయేమోనని కంగారు పడ్డాను, చూస్తే ఇన్వర్టర్ నుంచి మీటరుకు వేసిన వైరు సన్నది. లావు వైరు మార్చాక పోయింది. ముందే 245 పైన ఉంటే లైన్‌మన్‌కు చూపించి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీ ఎక్కువ తక్కువ చేసే అమరిక) సంగతి అడగండి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎంత సోలార్ పెట్టొచ్చు, ఇన్వర్టరే వోల్టేజీని ఎలా సర్దుకోవాలి అన్నవి ఇప్పుడు ఈ రంగంలో బాగా పని జరుగుతున్న అంశాలు, అది మన వీధి సమస్యే.

బ్యాటరీ అందరికీ అక్కర్లేదు. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌తో కలిసి నడిచే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కరెంటు పోగానే ఆగుతుంది, లైను మీద పనిచేసేవాళ్ళకు షాకు కొట్టకూడదని. కోతలు ఎక్కువుంటేనే బ్యాటరీతో కూడా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తీసుకోండి, మిద్దె మీద రేకు కింద కాకుండా ఇంటి లోపల, మెట్ల కింద గాలాడే చోట పెట్టండి, వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. సోడియం అయాన్ బ్యాటరీల మీద వార్తలు చూసి కొనడం ఆపక్కర్లేదు.

కొత్త పరిశోధన వార్త చదివినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేయండి. ఎంత సైజు మీద కొలిచారు, ఎన్నాళ్ళు ఆరుబయట ఉంచారు, ఏ ఎండలో? పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం స్ఫటిక పదార్థంతో చేసే సెల్ 2009లో జపాన్‌లో 3.8 శాతంతో మొదలై, ఇప్పుడు సిలికాన్‌తో జోడీ కట్టి 34 శాతం దాటింది, చాలా గొప్ప పని. కానీ ఆ రికార్డులు వేలిగోరంత ముక్క మీద వచ్చినవి, తేమకు, వేడికి అది త్వరగా పాడవుతుంది. మన మే నెలలు మూడింటిని తట్టుకుందని ఎవరైనా చూపించినప్పుడు కొందాం. జేఎన్‌టీయూ లోనో, యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళకు ఈ నోటుబుక్కు ఇవ్వండి, మన దుమ్ము, మన వోల్టేజీ మీద మన ఊరి కొలతలు దొరకడమే కష్టం, ప్రాజెక్టుకు అంతకంటే మంచి ముడిసరుకు ఉండదు.

పెట్టించాక ప్రతి నెలా ఒకటో తారీకున ఇన్వర్టర్ చూపే యూనిట్లు రాసుకోండి. జూన్, జూలైలో తగ్గితే మబ్బు వల్ల, అది మామూలే. పోయినేడాది అదే నెలతో పోల్చినప్పుడు పది శాతానికి మించి తగ్గితే ముందు కింది అంచు చార గీకి చూడండి, తర్వాత చుట్టుపక్కల కొత్తగా లేచిన గోడ ఏమైనా ఉందా చూడండి, ఆ రెండూ కాకపోతే అప్పుడు పెట్టినవాళ్ళకు ఫోన్ చేయండి.